పెరట్లో కాలిన గీతలు

క్లినిక్ నుంచి,
పేషెంట్లు లేని వేళ

ఒరే నత్తా,

నీ ఉత్తరం చేరింది. కొండల్లో సొరంగం తవ్వే చోట, ఆ దుమ్ములో మెషీన్లు బాగుచేస్తూ కూడా అక్షరాలు అంత గుండ్రంగా ఎలా రాస్తావురా? మా పళ్ళ డాక్టరమ్మ రాసే చీటీలు మందుల షాపువాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఇకమీదట కూడా ఉత్తరాలు ఈ క్లినిక్ అడ్రసుకే రాయి. ఇంటి నుంచి ఫోన్లో మాట్లాడదామంటే మీ బావ పక్కనే కూర్చుని "ఏమంటున్నాడు? ఏమంటున్నాడు?" అని ప్రతి ముక్కా అడుగుతారు. ఆయనకి చెప్పడంతోనే సరిపోతుంది.

ఇక కబురు. మా పెరడు పోయింది. టమాటా మొక్కలు, గోడవార గులాబీలు, నువ్వొచ్చినప్పుడల్లా చెప్పులు విప్పి నడిచే గడ్డి, అన్నీ పోయాయి. మీ బావకి గోల్ఫు పిచ్చి పట్టిందని రాశాను కదా. ఆ ఆటలో చివరి ఘట్టం ఒకటుంటుంది, బంతిని మెల్లగా తట్టి గుంతలోకి దొర్లించడం. దానికి నున్నటి జాగా కావాలి. పటింగ్ గ్రీన్ అంటారట. అదిప్పుడు మా ఇంటి వెనకాల వెలిసింది, ప్లాస్టిక్ గడ్డితో.

అంత తతంగం ఉంటుందని నాకు తెలియదురా. ముందు మోకాలి లోతు మట్టి తవ్వి పోశారు. కంకర పరిచి, దానిమీద రాతిపొడి పరిచి, నీళ్ళు చల్లి మెషీనుతో దిమ్మిస కొట్టారు. ఇంట్లో గిన్నెలన్నీ అలమారాలో గలగలలాడాయి. తర్వాత తివాచీ చుట్టల్లా గడ్డి తెచ్చి పరిచి, అంచులు కత్తితో కోసి, అతుకులకి కింద టేపు వేసి జిగురు పూశారు. పైన సన్నటి ఇసుక జల్లి చీపుళ్ళతో పోచల మధ్యకి తోశారు. గుంతలకి చిన్న చిన్న జెండాలు కూడా ఉన్నాయి. చూడ్డానికి బొమ్మల పుస్తకంలో పేజీలా ఉంది.

మీ బావ సెలవు పెట్టి మరీ పక్కన నిలబడ్డారు, చేతిలో రసమట్టంతో. ఒక అతుకు వెంట్రుకవాసి కనిపిస్తోందని మొత్తం పీకించి మళ్ళీ వేయించారు. గొంతు పెంచలేదు సుమా. వెళ్ళేటప్పుడు మేస్త్రీ నాతో "మీరెలా ఉంటున్నారమ్మా ఈ ఇంట్లో?" అన్నాడు. నవ్వేశాను.

పనిలో పనిగా పైగదికి పెద్ద కిటికీ పెట్టించారు, పడమటివైపు, పెరట్లోకి చూస్తూ. ఎండ వేడిని లోపలికి రానివ్వని అద్దమట. లోపల చల్లగా ఉంటుంది, బయట్నుంచి చూస్తే తళతళలాడుతుంది. అక్కడ కుర్చీ వేసుకుని తన పచ్చికను చూసుకుంటూ కాఫీ తాగుతారు.

మోచెయ్యి తగ్గింది. కబోర్డు తలుపు తీసి వెయ్యడం మర్చిపోవడం నాకు అలవాటే కదా.

మీ అక్క

* * *

సొరంగం క్యాంపు

అక్కాయ్,

నీ ఉత్తరం సరుకుల లారీలో ఉల్లిపాయల బస్తా కింద నలిగి వచ్చింది. చదువుతుంటే కళ్ళు మండాయి. గులాబీలు పోయినందుకు అనుకునేవు, ఉల్లిపాయల వల్లే.

బావ పచ్చిక సంగతి చదివి క్యాంపంతా నవ్వుకున్నాం. మేమిక్కడ కొండని తొలుస్తున్నాం, ఆయనక్కడ గుంతలు తొలుస్తున్నారు. అతుకు పీకించారంటే నాకేం ఆశ్చర్యం లేదు. డ్రైవింగు పరీక్షలు పెట్టే ఆఫీసరు కదా. సొంత బావమరిదినని కూడా చూడకుండా నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిన మహానుభావుడు! అప్పుడు ఒళ్ళు మండింది కానీ, ఇప్పుడు ఈ ఘాట్ రోడ్డు మీద బండి నడుపుతుంటే ఆయనకి దండం పెట్టుకుంటాను. ఆయన దగ్గర తప్పు తప్పే, ఒప్పు ఒప్పే. అలాంటి మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?

నువ్వు ఆ కబోర్డుకి గొళ్ళెం పెట్టించుకో. పోయినేడు నుదురు, ఇప్పుడు మోచెయ్యి. చిన్నప్పుడు నేల చూపులు చూస్తూ నడిచేదానివి కాదు కదా, ఇప్పుడేమొచ్చింది?

మొక్కలు కుండీల్లో పెట్టుకో. నేను పండగలకీ పబ్బాలకీ రాలేకపోయినా టమాటాలకి తప్పకుండా వస్తాను.

నత్త

* * *

క్లినిక్ నుంచి

ఒరే నత్తా,

పాత ఉత్తరం తర్వాత చాలా జరిగింది. మొదట్నుంచీ చెప్తాను.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం నేను క్లినిక్ నుంచి వచ్చి వంటింట్లో ఉన్నాను. మీ బావ కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. బంతి చప్పుడు వినపడలేదు. కిటికీలోంచి చూస్తే ఒంగుని నేలకేసి చూస్తున్నారు. గడ్డి మీద అరచెయ్యంత వెడల్పున ఒక గీత, కొంచెం ఒంపు తిరిగి. పోచలు కరిగి ముద్దకట్టి, ఎవరో కాల్చిన గరిటెతో గీసినట్టు ఉంది.

ఆయన లోపలికొచ్చి నావైపు చూశారు. "ఇస్త్రీపెట్టె ఎక్కడుంది?" అని అడిగారు. చూపించాను. చల్లగానే ఉంది. కాసేపు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఎందుకో పక్కింటి గోడకేసి చూశారు.

పక్కింటి లెక్కల మాష్టారు గుర్తున్నారుగా? భార్య పోయాక ఒంటరిగా ఉంటూ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటారు. మేమిద్దరం పనికి పోయాక మధ్యాహ్నాల్లో ఈ వరసలో ఇంటిపట్టున ఉండేది ఆయనొక్కరే. అంతే, మీ బావ మనసులో ఖాయమైపోయింది. దిమ్మిస కొట్టినప్పుడు చప్పుడు ఎక్కువైందని మాష్టారు ఒకసారి గోడ మీంచి అన్నారులే. ఆ కక్షతో ఏదో మరిగించి పోస్తున్నాడని ఈయన అంటారు.

వారం తిరక్కుండా ఇంకో గీత. తర్వాత ఇంకోటి, మొదటిదాని పక్కనే. గోడ మీద గాజుపెంకులు నాటించారు. కెమెరా పెట్టించారు. ట్యూషన్‌కి వచ్చే పిల్లల తల్లిదండ్రులకి ఫోన్లు చేసి, ఆ మనిషికి మతి సరిగ్గా లేదు, పిల్లల్ని పంపే ముందు ఆలోచించుకోండని చెప్పారు. సగంమంది మానేశారు.

పాపం అనిపిస్తుంది. కానీ ఒక విచిత్రం చెప్పనా? ఇంట్లో మాత్రం ఇప్పుడు హాయిగా ఉంది. రాత్రి అన్నం దగ్గర ఆయన మాష్టారి గురించే మాట్లాడతారు, నేను ఊఁ కొడతాను. కూరలో ఉప్పు సంగతి ఎత్తరు. క్లినిక్ నుంచి ఆలస్యమైనా ఎత్తరు. నాకు ఒళ్ళు కూడా వచ్చింది. డాక్టరమ్మ కూడా "బాగా నిద్రపోతున్నట్టున్నారే" అంది.

మీ అక్క

* * *

సొరంగం క్యాంపు

అక్కాయ్,

నువ్వు ఒళ్ళు చేశావని చదివి సంతోషించాను. ఆ ఒక్క ముక్క తప్పిస్తే ఉత్తరం అంతా నాకు నచ్చలేదు.

మాష్టారు నాకు బాగా గుర్తు. నేనొచ్చినప్పుడు బండి స్టార్ట్ కాకపోతే బనీను మీదే వచ్చి తోశారు. అలాంటాయన నూనె మరిగించి గోడ మీంచి పోస్తారా? పైగా అంత పెద్దాయన గోడ మీంచి గరిటె చాపి ఒంపుగా గీత గీయడం ఎలా కుదురుతుంది? బావని తీరిగ్గా ఆలోచించమను. కెమెరాలో ఏం పడింది? ఏమీ పడకపోతే మాష్టారు కాదనే కదా అర్థం?

ఇక్కడ ఒకసారి డీజిలు పైపు ఒకటి వరసగా చిరుగుతుంటే, కూలీలే కోస్తున్నారని ఇంజనీరు అందరి మీదా పడ్డాడు. తీరా చూస్తే పైపు రాసుకునే చోట రేకు అంచు ఉంది. మనుషుల్ని అనుమానించడం మొదలుపెడితే రేకు కనిపించదు.

ఆ గీతలు ఏ వేళకి పడుతున్నాయో ఒకసారి నువ్వే కనిపెట్టి చూడరాదూ?

నత్త

* * *

క్లినిక్ నుంచి

తమ్ముడూ,

ఇది చదివి దాచకు, చింపెయ్యి.

మొన్న జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాను. మధ్యాహ్నం దాటాక దాహమేసి వంటింట్లోకి వెళ్తే ప్లాస్టిక్ కాలుతున్న వాసన. పెరట్లో మనిషి జాడ లేదు. గోడ మీద కాకి కూడా లేదు. గడ్డి మీద మాత్రం ఒకచోట తెల్లగా మెరుస్తోంది, మడిచి పడేసిన రుమాల్లా. తియ్యబోయి చెయ్యి పెట్టాను. అరచెయ్యి చుర్రుమంది. రుమాలు కాదురా, ఎండ! తల తిప్పి చూస్తే కళ్ళు తెరవలేకపోయాను. మా పైగది కిటికీ రెండో సూర్యుడిలా మండుతోంది. ఆ అద్దం గిన్నెలా కాస్త లోపలికి వంగినట్టుంది, పడమటి ఎండ దానికి తగిలి, ఒకచోటకి పోగై గడ్డి మీద పడుతోంది. పొద్దు జరిగే కొద్దీ ఆ వెలుగు కూడా మెల్లగా జరుగుతోంది. వెనకాలే గీత.

ఆయన సాయంత్రం వచ్చేసరికి కిటికీ మామూలు కిటికీ. శనాదివారాలు మధ్యాహ్నాలు క్లబ్బులో ఉంటారు. కెమెరా పెట్టింది కూడా గోడకేసి, గడ్డికేసి కాదు. ఎవరో దూకి వస్తారని కదా ఆయన చూస్తున్నది.

నువ్వు చెప్పిన రేకు దొరికింది. కానీ నేను ఆయనకి చెప్పలేదు. చెయ్యి పెనం తగిలి కాలిందన్నాను. నాకిప్పుడు చెప్పాలని లేదు. ఇన్నాళ్ళూ అంతమందికి ఫోన్లు చేసి, ఇంత హడావిడి చేశాక, తన కిటికీయే అని తెలిస్తే ఆయనకి ఎంత నామోషీ! ఇల్లు ప్రశాంతంగా ఉంది. వర్షాలు మొదలైతే ఎండ పోతుంది, గీతలు ఆగుతాయి, ఆయనే మర్చిపోతారు. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి. నా మీద ఒట్టు.

మాష్టారి పూలకుండీలు చచ్చిపోయాయి. గోడ పక్కన ఉన్నవన్నీ ఒక్కసారే మాడి నల్లబడ్డాయి. మా ఇంట్లో కలుపుమందు డబ్బా ఖాళీగా ఉంది. మొక్కలే కదా, మళ్ళీ వేసుకుంటారు.

అక్క

* * *

సొరంగం క్యాంపు

అక్కా,

నువ్వేనా ఇలా రాసింది? చిన్నప్పుడు నేను పగలగొట్టిన గ్లాసుకి పనిమనిషిని తిడుతుంటే, అమ్మ ముందుకి నన్ను చెవి పట్టుకుని లాక్కెళ్ళింది నువ్వే కదా.

నామోషీ ఏమిటే? బావ మొహమాటపడే మనిషి కాదు. ఋజువు చూపిస్తే ఒప్పుకునే మనిషి. లైసెన్సు పరీక్షలో నేను సిగ్నల్ వెయ్యలేదన్నారు, వేశానన్నాను. పక్కన కూర్చున్న గుమాస్తా వేశాడని చెప్పగానే కొట్టేసిన మార్కు తిరిగి వేశారు, నవ్వుతూ. (ఇంకో తప్పుకి ఫెయిల్ చేశారనుకో, అది వేరే సంగతి.) ఆయన్ని ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ చూపించు, అయిపోతుంది.

మాష్టారికి ట్యూషన్లే తిండి. సగం పోయాయన్నావు. ఇప్పుడు మొక్కలు. రేపు ఇంకేమిటి? వర్షాల దాకా ఆగడానికి అది ఆరేసిన వడియాలు కాదు, మనిషి బతుకు.

నువ్వు చెప్పు. చెప్పానని నాకు రాయి. నీ ఒట్టు నా నెత్తిన బండలా కూర్చుంది.

నత్త

* * *

క్లినిక్ నుంచి

తమ్ముడూ,

చెప్పలేదు. చెప్పబోయాను, రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెప్పడానికి వేళ కాదు.

మీ బావ మాష్టారిని తిట్టడం మానేశారు. అన్నం దగ్గర ఏమీ మాట్లాడరు. పైగదిలో కుర్చీలో కూర్చుని, గోల్ఫు కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, పక్కింటికేసి చూస్తుంటారు. మొన్న ఉన్నట్టుండి "ఆయన ప్రతి ఆదివారం పొద్దున నిచ్చెనేసుకుని కప్పు మీది ఆకులు తీస్తాడు, గమనించావా?" అన్నారు. ఏదో మంచి అలవాటు గురించి చెప్పినట్టే అన్నారు.

ఈ ఆదివారం మాష్టారు నిచ్చెన మీంచి పడ్డారు. మెట్టు విరిగిందట. మణికట్టు విరిగింది, నడుం పట్టేసింది. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకెళ్ళాను. "పాత చెక్క కదమ్మా, నాదే తప్పు" అన్నారు. మీ బావ కూడా గుమ్మం దాకా వచ్చి పలకరించారు. ఎంత మర్యాదగా మాట్లాడారో!

నేనేమీ చూడలేదు. శనివారం మీ బావ పచ్చిక అంచులు సరిచేసుకున్నారు, అంతే. తర్వాత కత్తి, చిన్న రంపం తుడిచి, నూనె రాసి పెట్టెలో పెట్టుకున్నారు. ఆయనకి పనిముట్లు శుభ్రంగా ఉండాలి కదా.

గీతలు ఇంకా పడుతూనే ఉన్నాయి. వర్షాల జాడ లేదు.

అక్క

* * *

సొరంగం క్యాంపు

అక్కా,

గడ్డికి కత్తి చాలు. రంపం ఎందుకు?

నువ్వు రాయకూడదనుకుంటూనే రాశావు. నాకు అర్థమైంది, నీకు అంతకుముందే అర్థమైంది. ఇవాళ మణికట్టు విరిగింది. వచ్చే ఆదివారం మెడ విరిగితే?

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. బావకి ఇవాళే ఉత్తరం రాసి లారీలో వేశాను, మీ ఇంటి అడ్రసుకి. కోప్పడకు. నిచ్చెన మాట ఎత్తలేదు. ఆయన్ని తప్పు పట్టలేదు. కిటికీ అద్దం సంగతి, ఎండ సంగతి, పొద్దుతోపాటు వెలుగు ఎలా జరుగుతుందో బొమ్మ గీసి మరీ వివరించాను. అంత దూరాన ఉన్నవాడివి నీకెలా తెలుసని అడుగుతారు కదా, అందుకని నువ్వు కళ్ళారా చూశావనీ, జ్వరమొచ్చిన రోజు నీ చెయ్యి కాలింది పెనానికి కాదనీ, దానికేననీ రాశాను. సాక్ష్యం లేనిదే ఆయన నమ్మరు. సాక్ష్యం ఉంటే ఒక్క క్షణం కూడా మొండికెయ్యరు. అనుమానం మనిషిని పాడుచేస్తుంది అక్కా, బావ స్వతహాగా అలాంటివారు కాదు. నిజం తెలిస్తే దిగొస్తారు. పదిరోజులు పోయాక నువ్వే నాకు థాంక్స్ చెప్తావు.

నత్త

* * *

క్లినిక్ నుంచి

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి కబురు లేదు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయని పేపర్లో చూశాను, లారీ ఆగిపోయిందేమో. నువ్వు ఏం ఆలోచిస్తున్నావోనని నాకు భయంగా ఉంది. అందుకే ముందే రాస్తున్నాను. మీ బావకి మాత్రం నువ్వు ఏమీ రాయకు. ఎందుకో చెప్తాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

మోచెయ్యి కబోర్డు వల్ల కాదు. నుదురూ కాదు. మా ఇంట్లో కబోర్డు తలుపులు పక్కకి జరిగేవి, నీకు గుర్తుండదు. ఆయన అరవరు. తప్పు ఏమిటో ముందు వివరంగా చెప్తారు, నా చేత ఒప్పిస్తారు, తర్వాత కొడతారు. పెళ్ళయినప్పట్నుంచీ అంతే. నీకు ఆయనంటే ఎంత గౌరవమో చూసి, ఆ ఒక్కటైనా చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. ఫోన్ పక్కన ఎందుకు కూర్చుంటారనుకున్నావు?

మొదటి గీత పడ్డ రోజు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డారని రాశానే, దాన్ని ప్లగ్గులో పెట్టారు. అది వేడెక్కే దాకా ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. అప్పుడు గోడకేసి చూసింది ఆయన కాదు తమ్ముడూ, నేను. "మధ్యాహ్నాలు ఇక్కడ ఉండేది మాష్టారొక్కరే కదండీ" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆయన ప్లగ్గు తీసేశారు.

ఆ రోజు నుంచి నా మీద చెయ్యి పడలేదు. ఒక్కసారి కూడా. నిద్రపోతున్నాను, అన్నం రుచి తెలుస్తోంది. కిటికీ సంగతి తెలిశాక కూడా నోరు మెదపనిది అందుకే. ఆయన నామోషీ కోసం కాదు. ఒక ముసలాయన బతుకు అడ్డం పెట్టుకుని నేను హాయిగా ఉన్నాను, నాకు తెలుసు. నిచ్చెన విరిగాక ఆ హాయి కూడా పోయింది. మాష్టారు నేనిచ్చిన కాఫీ ఎడంచేత్తో తాగుతూ "నీలాంటి కూతురుంటే బాగుండేదమ్మా" అన్నారు. నేలలోకి కుంగిపోవాలనిపించింది.

నిర్ణయం తీసుకున్నాను. డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆవిడ చెల్లెలు వేరే ఊళ్ళో ఉందట, అక్కడ గది చూస్తానంది. రేపు వచ్చే వారానికి కుదురుతుంది. బట్టలు కొన్ని క్లినిక్‌కి చేరేశాను. ముందు నేను గడప దాటాలి. దాటిన మరుక్షణం మాష్టారికి నేనే నిజం చెప్తాను, నిచ్చెన సంగతితో సహా. అప్పటిదాకా ఆయనకి ఏమీ తెలియకూడదు. నాకు తెలిసీ దాచానన్న సంగతి మరీ తెలియకూడదు. అది తెలిస్తే ఏం చేస్తారో ఆలోచించే ధైర్యం కూడా నాకు లేదు.

ఒక్క వారం నోరు కట్టేసుకో. నువ్వు మంచివాడివి, అదే నా భయం.

అక్క

* * *

ఇంటి నుంచి

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. చక్కగా రాశావు. బొమ్మ కూడా స్పష్టంగా ఉంది.

తెలిసిన వెంటనే సెలవు పెట్టి, మధ్యాహ్నం పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. వెలుగు గడ్డి మీద పడటం, పోచలు మెత్తబడటం, గీతగా సాగడం అన్నీ చూశాను. అదే సాయంత్రం మాష్టారి ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. పళ్ళు పట్టుకెళ్ళాను. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులకి మళ్ళీ ఫోన్లు చేశాను. మాష్టారు నా చేతులు పట్టుకుని కంటతడి పెట్టారు. తప్పు చేస్తే ఒప్పుకోవడంలో నాకు ఇబ్బంది లేదు, నీకు తెలుసు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఒక్కటే. ఇన్ని రోజులు ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని, నేను చెప్పేదంతా వింటూ, ఊఁ కొడుతూ, లోపల నన్ను చూసి నవ్వుకుంటూ ఉంది. ఆ సంగతి నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకు నీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

మేమిద్దరం ఈ విషయం తీరిగ్గా మాట్లాడుకుంటున్నాం. తొందరేం లేదు, నేను నెల రోజులు సెలవు పెట్టాను. మీ అక్క క్లినిక్ పని మానేసింది. అక్కడ తన సొరుగులో ఉన్న సామాను, డాక్టరమ్మ లేని వేళ నేనే వెళ్ళి తెచ్చాను. అందులో నీ ఉత్తరాలున్నాయి. అన్నీ చదివాను. చిన్నప్పటి సంగతులు బాగున్నాయి. కొన్ని బట్టలు కూడా ఉన్నాయి, అవి అక్కడెందుకున్నాయో ఇంకా వివరించలేదు. వివరిస్తుంది.

గడ్డి మళ్ళీ వేయించాలి. ఈసారి పనివాళ్ళని పిలవను, నేనే తవ్వుకుంటాను. కింద కంకర దాకా తీసి మొదట్నుంచీ వెయ్యాలి. మట్టం కుదరాలంటే అదే పద్ధతి.

నువ్వు ఇక ఉత్తరాలు రాయనక్కర్లేదు. ప్రయాణం పెట్టుకోకు, రోడ్డు బాగాలేదని విన్నాను. మీ అక్క కూడా కింద రెండు ముక్కలు రాస్తానంది.

మీ బావ

తమ్ముడికి,
నేను క్షేమం. ఆయన చెప్పినట్టే అంతా జరుగుతోంది. నువ్వు రావద్దు.
అక్క

* * *

సొరంగం క్యాంపు

పూజ్యులైన లెక్కల మాష్టారికి,

నేను మీ పక్కింటావిడ తమ్ముణ్ణి. ఒకసారి నా బండి తోశారు. ఈ ఉత్తరం క్యాంపు ఆఫీసు కంప్యూటరు నుంచి పళ్ళ డాక్టరమ్మకి పంపిస్తున్నాను. ఆవిడ కాగితం మీద తీయించి, తన చేత్తో మీకు ఇస్తారు. కొండచరియలు తీసేదాకా ఇక్కణ్ణుంచి బండి కదలదు. నడిచైనా దిగుదామని బయల్దేరుతున్నాను, అయినా రేపటికి గానీ చేరలేను.

మా అక్క ఉత్తరం, మా బావ ఉత్తరం ఒకే సంచిలో ఇవాళ వచ్చాయి, చరియల అవతల ఆగిన లారీ నుంచి కూలీలు మోసుకొచ్చారు. ఇంటికి ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి "పడుకుంది" అంటున్నారు. పోలీసులకి చేశాను. వెళ్ళారట. ఆయన కాఫీ ఇచ్చి, అన్నిటికీ సమాధానం చెప్పి, గుమ్మం దాకా వచ్చి సాగనంపారట. డాక్టరమ్మ వెళితే "మందులేసుకుని నిద్రపోతోందమ్మా" అని గుమ్మంలోనే చేతులు జోడించారట. అంత మర్యాదగా మాట్లాడే మనిషిని ఎవరు అనుమానిస్తారు? నేనే అనుమానించలేదు. ఆయన్ని నమ్మి, ఆమె మీదికి ఆయన్ని తోలింది నేనే.

మీ దగ్గరికి కూడా వచ్చి క్షమాపణ చెప్పారని తెలుసు. మీ నిచ్చెన మెట్టు దానంతటది విరగలేదు మాష్టారూ. మీరు పడే ముందు శనివారం మా బావే దాన్ని రంపంతో కోశారు. మీ మొక్కల మీద పోసింది కలుపుమందు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే మీ సాయం అడిగే హక్కు నాకు లేదు. మీ మీద అనుమానం రేపింది మా అక్కే. తర్వాత మీ తప్పేమీ లేదని తెలిసి కూడా చెప్పకుండా ఊరుకుంది. ఆయన మిమ్మల్ని తిట్టుకున్నంత కాలం ఆమెకి దెబ్బలు తప్పాయి. అందుకని. మీకు కోపం రావడం న్యాయం. ఆ ఇంటి మొహం చూడబుద్ధి కాకపోవడం కూడా న్యాయమే.

కానీ పెరడు తానొక్కడే తవ్వుతానని ఆయన రాశారు, ఆ ఇంటి వెనకవైపు కనిపించేది మీ ఒక్కరికే. డాక్టరమ్మ మీ పక్కనే ఉంటారు. మీ చెయ్యి బాగాలేదని తెలుసు, గోడ ఎక్కమనడం లేదు. గోడ దగ్గర నిలబడి ఆమెని ఒక్కసారి గట్టిగా పిలవండి. మీరు పిలిస్తే ఆమె ఎక్కడున్నా పలుకుతుంది, పలకకుండా ఉండలేదు.

పలకకపోతే వీధిలో ఉన్నవాళ్ళందర్నీ కేకేసి తలుపు పగలగొట్టించండి. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడినా ఆగొద్దు.